ఎవరూ చచ్చిపోని సినిమా

"ఇందులో ఎవరన్నా చచ్చిపోతారా, నవాబ్ భాయ్?"

భవానీపురంలో నవాబ్ వీడియో లైబ్రరీకి వచ్చేవాళ్ళు మామూలుగా అడిగే ప్రశ్నలు వేరు. హీరో ఎవరు, ఫైట్లు బాగున్నాయా, ప్రింటు శుభ్రంగా ఉందా, పిల్లల్ని పక్కన పెట్టుకుని చూడొచ్చా, ఇలాంటివి. కనకలక్ష్మి మాత్రం క్యాసెట్ పెట్టె చేతిలోకి తీసుకుని, అట్ట మీది బొమ్మ వంక అనుమానంగా చూస్తూ ఈ ప్రశ్నే వేసేది. చావులు లేవంటే ఆసుపత్రి ఉందా అనేది. అదీ లేదంటే గొంతు తగ్గించి, బస్సో లారీయో బోల్తా కొడుతుందా, ఎవరికన్నా కాళ్ళు పడిపోతాయా, ఎవరన్నా విషం తాగుతారా అని అడిగేది. వెనక నిలబడ్డవాళ్ళు ఒకళ్ళ మొహాలు ఒకళ్ళు చూసుకుని నవ్వుకునేవాళ్ళు. నవాబ్ మాత్రం నవ్వేవాడు కాదు. ఆ ఇంట్లో సంగతి అతనికి తెలుసు.

నిజానికి కనకలక్ష్మికి సినిమా పిచ్చి ఏనాడూ లేదు. పామర్రు దగ్గర చిన్న ఊళ్ళో, గేదెలూ గడ్డిమేట్ల మధ్య పెరిగిన మనిషి. పెళ్ళయ్యాక చూసిన సినిమాల్లో సగం నిద్రలోనే గడిచిపోయాయి. హాల్లో లైట్లు ఆర్పగానే ఆవిడకి కళ్ళు మూతలు పడేవి. భర్త తిరుపతిరావు పక్కసీట్లో కూర్చుని పడీపడీ నవ్వేవాడు. "సినిమావాడి పెళ్ళానివి. ఎవరికన్నా చెప్పేవు, నా పరువు పోతుంది" అనేవాడు.

ఆయన గాంధీనగర్లో ఒక డిస్ట్రిబ్యూషన్ ఆఫీసులో రిప్రజెంటేటివ్. కొత్త సినిమా విడుదలైతే రీళ్ళ పెట్టెలు వెంటబెట్టుకుని ఉయ్యూరు, పామర్రు, గుడివాడ హాళ్ళకి వెళ్ళాలి. ఆట ఆటకీ జనం ఎంతమంది వచ్చారో చూసుకోవాలి. హాలువాళ్ళు టిక్కెట్ల దగ్గర చేతివాటం చూపించకుండా కాపలా కాయాలి. బట్టలు నలిగి, కళ్ళు ఎర్రబడి ఇంటికొచ్చేవాడు. వచ్చి, స్నానం చేసి, కంచం ముందు కూర్చున్నాడంటే కథ మొదలు. ఫస్టాఫ్ పప్పన్నంలో, సెకండాఫ్ మజ్జిగన్నంలో. హీరో మాట్లాడితే ఒక గొంతు, విలన్ మాట్లాడితే ఒక గొంతు. కనకలక్ష్మి సినిమాలన్నీ అలా భర్త నోటి వెంటే చూసింది. వాళ్ళకి పిల్లలు లేరు. ఒక కాన్పు పోయాక మళ్ళీ కాలేదు. ఆ వెలితి ఇంట్లో అంతగా వినిపించకపోవడానికి ఆయన చెప్పే కథలు కూడా కొంత కారణం.

తొంభై ఏడు ఆగస్టు వానల్లో, ప్రింటు తీసుకుని వెళ్తున్న వ్యాను ఉయ్యూరు దాటాక రోడ్డు అంచు తెగి పంటకాలవలోకి బోల్తా కొట్టింది. డ్రైవరు గీతలతో బయటపడ్డాడు. వెనక కూర్చున్న తిరుపతిరావు నడుం మీద ఇనప రీళ్ళ పెట్టెలు పడ్డాయి. ఆసుపత్రిలో నెలలు గడిచాక డాక్టరు కనకలక్ష్మిని పక్కకి పిలిచి, నడుం కింద ఇక ఏదీ పని చెయ్యదనీ, ఎంత తొందరగా ఆ సంగతికి అలవాటు పడితే అంత మంచిదనీ చెప్పాడు.

అలవాటు పడటం డాక్టరు చెప్పినంత తేలిగ్గా కాలేదు. ఇంటికి తెచ్చిన రోజు నుంచీ తిరుపతిరావు మొహం గోడ వైపు తిప్పుకుని పడుకున్నాడు. పక్కకి తిప్పితే తిరిగేవాడు, తుడిస్తే తుడిపించుకునేవాడు. మాట లేదు. నోట్లో ముద్ద పెడితే అలాగే బుగ్గన ఉంచుకుని కాసేపటికి తువ్వాల్లోకి ఊసేసేవాడు. బతిమాలింది, ఏడ్చింది, ఒకసారి కోపం పట్టలేక కంచం కూడా విసిరింది. కింద పడ్డ అన్నం ఆవిడే ఎత్తుకుంది. మనిషి వారం వారానికీ కరిగిపోతున్నాడు. "మందులైతే నేను రాయగలను గానీ అమ్మా, తిండి మీరే తినిపించుకోవాలి" అన్నాడు డాక్టరు.

ఒకనాడు మందుల షాపు నుంచి తిరిగొస్తూ కనకలక్ష్మి నవాబ్ కొట్టు ముందు ఆగింది. ఏం అడగాలో కూడా తెలియలేదు. "మా ఆయన సినిమా మనిషండీ. మంచానపడ్డారు" అని మాత్రం అని, అక్కడే నిలబడి కొంగుతో కళ్ళు ఒత్తుకుంది. నవాబ్ మరేం అడగలేదు. సాయంత్రం తనే వీసీపీ సంచిలో పెట్టుకుని ఇంటికొచ్చి, టీవీకి తగిలించి, ఒక క్యాసెట్ వేసి వెళ్ళాడు. అన్నదమ్ములిద్దరూ ఒకే పిల్లకి ఉత్తరాలు రాసుకునే హాస్యం సినిమా అది.

తిరుపతిరావు చాలాసేపు గోడ వైపే ఉన్నాడు. రెండో పాట అయిపోతుండగా గోడతో అన్నాడు, "ఆ పాట అక్కడ పెట్టకూడదు. జనం సిగరెట్లకి లేచిపోతారు."

కనకలక్ష్మి వంటింట్లో ఉంది. చేతిలో గరిటె అలాగే ఆగిపోయింది. ఇన్ని నెలల తర్వాత ఆయన నోటి నుంచి వచ్చిన మొదటి మాట. చప్పుడు చెయ్యకుండా కంచంలో అన్నం కలుపుకొచ్చి మంచం పట్టె మీద కూర్చుంది. ఆయన తల టీవీ వైపు తిరిగి ఉంది. ముద్ద పెదాలకి తగలగానే నోరు తెరిచాడు. తింటున్నానన్న సంగతి తెలియకుండానే తిన్నాడు. ఇంటర్వెల్ కార్డు పడేసరికి కంచం ఖాళీ అయింది.

ఆ రోజు నుంచి ఆ ఇంట్లో సినిమా అంటే తిండి. బొమ్మ నడుస్తుంటే ముద్ద దిగేది, లేకపోతే లేదు. అయితే ఏ సినిమా పడితే ఆ సినిమా పనికిరాదు. పాతవన్నీ ఆయన హాళ్ళలో చూసేసినవే. మొదటి సీను చూడగానే పేరు చెప్పి మొహం తిప్పేసుకునేవాడు. తను పడ్డాక విడుదలైన కొత్త సినిమాలే కావాలి. అందులోనూ దొంగ క్యాసెట్లు ఇంట్లోకి రాకూడదు. హాల్లో కెమెరా దాచి తీసి, సినిమా ఆడుతుండగానే అమ్ముకునే ఆ క్యాసెట్లంటే ఆయనకి ఒళ్ళు మంట. "అవి చూస్తే మా ఆఫీసోళ్ళ నోట్లో నేనే మట్టి కొట్టినట్టు" అనేవాడు. కాబట్టి హాళ్ళలో ఆడి, నెలలు గడిచాక కంపెనీ వాళ్ళు అసలు క్యాసెట్ వేసేదాకా ఆగాలి. అలా వచ్చే కొత్తవి ఎన్నని ఉంటాయి?

వాటిలోనూ ఏరుకోవాలి. ఒకసారి కుటుంబ కథ కదా అని తెస్తే అందులో తండ్రి లారీ కింద పడ్డాడు. తిరుపతిరావు కళ్ళు మూసుకున్నాడు, నోరూ మూసుకున్నాడు. మళ్ళీ ముద్ద దిగడానికి రెండు రోజులు పట్టింది. మరోసారి ఆసుపత్రి సీను. ఆ తర్వాతే కనకలక్ష్మి నవాబ్‌ని ఆ ప్రశ్నలు అడగడం మొదలుపెట్టింది. అన్ని సినిమాలూ చివరిదాకా చూసే తీరిక అతనికెక్కడిది? అతనే ఒక దారి చెప్పాడు.

"కొత్త క్యాసెట్ ఏదొచ్చినా ముందు మీకేనమ్మా. వెనకాలే మా ఇల్లు. నుస్రత్ ఉంటుంది. ఇద్దరూ కూర్చుని చూసుకోండి, బాగుందనుకుంటేనే పట్టుకెళ్ళండి."

నుస్రత్ నవాబ్ భార్య. చంటిదాన్ని ఒళ్ళో వేసుకుని, రిమోట్ పట్టుకుని కూర్చునేది. కనకలక్ష్మికి పూర్తి సినిమా చూసే వ్యవధి ఉండేది కాదు. ఒంటికి పుళ్ళు పడకుండా తిరుపతిరావుని మాటిమాటికీ పక్కకి తిప్పాలి. అందుకని బొమ్మని పరిగెత్తించి చూసేవాళ్ళు. మాటలు వినపడవు. మనుషులు గబగబా వచ్చి, గబగబా ఏడ్చి, గబగబా పెళ్ళిళ్ళు చేసుకునేవాళ్ళు. కనకలక్ష్మి చాప అంచున ముందుకి వంగి, చేటలో రాళ్ళు ఏరుతున్నట్టు చూసేది.

"ఆగాగు నుస్రత్. ఆ తెల్లబట్టలేంటి? ఆసుపత్రా?"

"కాదక్కా, హీరోయిన్ డాన్సు. వెనకాల మంచు."

"మరి ఆ ముసలాయన పడుకున్నాడే?"

"నిద్రపోతున్నాడు. చూడు, లేచాడు. కాఫీ తాగుతున్నాడు."

అప్పుడు గాని కనకలక్ష్మి ఊపిరి పీల్చుకునేది కాదు. ఒక్కోసారి వచ్చిన క్యాసెట్లన్నీ చూసినా ఒక్కటీ పనికొచ్చేది దొరికేది కాదు. అలాంటి రోజుల్లో ఇంటికి నడిచి వెళ్తుంటే కాళ్ళు ఈడ్చుకుపోయేవి. తలుపు తియ్యగానే ఆయన కళ్ళు ముందు ఆవిడ చేతుల వైపు వెళ్తాయని తెలుసు. ఖాళీ చేతులు చూసి మెల్లగా గోడ వైపు తిరుగుతాయనీ తెలుసు. క్యాసెట్లు నవాబ్ షాపువని తిరుపతిరావుకి తెలుసు గానీ, ఈ ఏరివేత సంగతి ఆవిడ చెప్పలేదు. చెబితే ఆ తిండి కూడా మానేస్తాడని భయం.

ఏడాదిన్నర పైగా ఇలా నెట్టుకొచ్చింది. తొంభై తొమ్మిది దసరా ముందు ఒక సినిమా దొరికింది. ఊరి గొడవల కథ, మధ్యలో బోలెడంత నవ్వు. చివరి భాగం చూస్తుండగా ఇంటికి వెళ్ళే వేళ అయిపోయింది. "ఇంకేముందక్కా, పెళ్ళిపందిరి వేశారు, అయిపోయినట్టే" అంది నుస్రత్. కనకలక్ష్మి క్యాసెట్ పట్టుకుని పరిగెత్తింది.

తిరుపతిరావు హాయిగా చూశాడు, ఒకటి రెండుసార్లు నవ్వాడు కూడా. పెళ్ళిపందిట్లోకి విలన్ కత్తి పట్టుకొచ్చాడు. హీరో తల్లి, అంతవరకూ మేడ మీది గదిలో ఉన్నావిడ, చక్రాల కుర్చీలో కనపడింది. కొడుకు మీదికి కత్తి రావడం చూసింది. చేతులు వణికాయి, సంగీతం పెరిగింది, ఆవిడ లేచి నిలబడింది.

తిరుపతిరావు నవ్వడం మొదలుపెట్టాడు. ఆ నవ్వు విని కనకలక్ష్మి గబుక్కున టీవీ ఆపేసింది. ఆయన నవ్వు ఆపలేదు.

"లేచింది, చూశావా కనకం? లేచింది. నిన్ను పొడవడానికి ఎవడన్నా వస్తే నేనూ లేస్తానేమో. పిలువు ఎవణ్ణన్నా. పిలువు."

తర్వాత నోరు మూసుకున్నాడు. ఈసారి ముద్దే కాదు, నీళ్ళు కూడా నోటి పక్కలమ్మటే కారిపోయేవి. కాంపౌండరు వచ్చి గ్లూకోజు ఎక్కించి వెళ్ళాడు. "ఇలా ఎన్నాళ్ళో నడవదమ్మా" అని గుమ్మంలో నిలబడి అన్నాడు. ఆవిడ ఇంట్లో ఉన్న దేవుళ్ళందరికీ మొక్కుకుంది. గుణదల మేరీమాత కొండకీ, దుర్గమ్మ కొండకీ ఒకేసారి మొక్కుకుంది. ఏమీ మారలేదు.

ఆ వారంలోనే ఒక పొద్దున పేపరు ఆయన పక్కన పెట్టింది. పేజీ నిండా కొత్త సినిమా ప్రకటన. వాళ్ళ ఆఫీసు సినిమాయే. కింద జిల్లాలో ఆడే హాళ్ళ పేర్లన్నీ వరసగా వేశారు. తిరుపతిరావు చాలాసేపు చూశాడు. వేలు చాపి ఆ పేర్లలో ఒక్కొక్కదాని మీదుగా మెల్లగా జరిపాడు. మళ్ళీ గోడ వైపు తిరిగాడు.

కనకలక్ష్మి వెళ్ళి నవాబ్ కొట్టులో బల్ల పట్టుకుని నిలబడింది. "ఆ సినిమా కావాలి భాయ్."

"హాళ్ళలో నిన్నగాక మొన్న పడిందమ్మా. ఇప్పట్లో క్యాసెట్ ఎక్కడొస్తుంది?"

"మీ దగ్గర ఉంటుందని అందరూ అనుకుంటున్నారు."

నవాబ్ వీధిలోకి చూశాడు. అలాంటివి అతను కొట్టులో బయటికి పెట్టేవాడు కాదు. కానీ తెలిసినవాళ్ళు అడిగితే కాదనలేక కొన్ని ఉంచేవాడు. పక్క వీధి కొట్లు అన్నీ అదే పని చేస్తున్నాయి. అవి లేకపోతే మిగతా గిరాకీ కూడా పోతుంది.

"ఇది ఆయనకి పెట్టేది కాదు. చూడగానే కనిపెడతారు. ఆ ఆఫీసు మనిషే కదా ఆయన. తెలిస్తే నా కొట్టు ఉండదమ్మా."

"తెలియనివ్వను. ఆఫీసువాళ్ళే ప్రేమ కొద్దీ పంపారని చెప్తాను. బతిమాలుకుంటున్నాను భాయ్, మనిషి దక్కేట్టు లేడు." తల మీద చెయ్యి పెట్టుకుంది. "మీ పేరు బయటికి రానిస్తే నా మీద ఒట్టు."

గడప లోపల నుస్రత్ నిలబడి ఉంది. "ఇచ్చెయ్యండీ, పాపం" అంది. నవాబ్ పాత క్యాసెట్ల వెనక చెయ్యి పెట్టి అట్ట లేని నల్ల క్యాసెట్ తీసి ఇచ్చాడు.

బొమ్మ మసకగా ఉంది. అంచుల్లో తలకాయలు. ఎవరో లేచి అడ్డంగా నడిచి వెళ్ళారు. ఎవరో దగ్గారు, ఎక్కడో పిల్లవాడు ఏడ్చాడు. హీరో కనపడగానే ఈలలు. కనకలక్ష్మి అంది, "మీ ఆఫీసువాళ్ళు పంపారండీ, మీ కోసమని."

తిరుపతిరావు కళ్ళార్పకుండా చూస్తున్నాడు. ముద్ద పెడితే నోరు తెరిచాడు, ఇంకోటి పెడితే మళ్ళీ తెరిచాడు. పెరుగన్నం దాకా వచ్చింది. కనకలక్ష్మికి కళ్ళ నిండా నీళ్ళొచ్చాయి.

"ఆపు" అన్నాడు హఠాత్తుగా. "వెనక్కి తిప్పు. ఇంకొంచెం. ఆఁ, అక్కడ ఆపు."

వెలుగుతున్న తెర ఎడమ మూల, కింద, అడ్డంగా ఒక కుట్టు గీత.

"అది పామర్రు హాలు. ఆ తెర చిరిగితే దగ్గర నిలబడి కుట్టించింది నేనే. బాల్కనీ మధ్యలోంచి తీశాడు. ఆపరేటరు చెయ్యి లేకుండా అక్కడ కెమెరా పెట్టడం కుదరదు." గొంతు పెద్దదయింది. "తల కింద ఇంకో దిండు పెట్టు, కనకం."

ఆయన దిండు అడగడం అదే మొదటిసారి. కళ్ళలో పాత మెరుపు.

"ఆఫీసువాళ్ళు పంపారా? నాకే చెప్తున్నావా? సరేలే. బూత్‌కి వెళ్ళి వెంకటప్పయ్య గారికి ఫోన్ చెయ్యి. మేనేజరు గారూ, క్యాసెట్ ఎక్కడ తీశారో మా ఆయన పట్టుకున్నాడు, రమ్మంటున్నాడు అని చెప్పు."

"వద్దండీ. మీ కాళ్ళు పట్టుకుంటాను. పోనీయండి."

"కాళ్ళెక్కడున్నాయే నాకు?" అన్నాడు. మెత్తబడి అన్నాడు, "నేనింకా బతికే ఉన్నానని వాళ్ళకి తెలియాలి. ఈ ఒక్క పనీ చేసిపెట్టు."

కనకలక్ష్మి బూత్‌లో రిసీవరు పట్టుకుని నిలబడింది. ఎవరూ ఎత్తలేదని చెప్పొచ్చు. లైను కలవలేదని చెప్పొచ్చు. కానీ తలకింద రెండు దిండ్లతో తన కోసం ఎదురుచూస్తున్న మొహం కళ్ళముందు కదిలింది. ఆ మొహంలోకి మళ్ళీ ఆ చీకటి రావడం ఆవిడ తట్టుకోలేదు. పామర్రు హాలు సంగతి కదా, వాళ్ళు పామర్రు వెళ్తారు, నవాబ్ మాట ఎవరెత్తుతారు అని తనకి తనే చెప్పుకుని నంబరు తిప్పింది. తిరిగి వెళ్ళేటప్పుడు నవాబ్ కొట్టు ఉన్న వీధిలోంచి కాకుండా పక్క వీధిలోంచి వెళ్ళింది.

మర్నాడు వెంకటప్పయ్య ఇద్దరు మనుషుల్ని వెంటబెట్టుకుని వచ్చాడు. రెండేళ్ళలో ఆయన ఆ గుమ్మం తొక్కడం అదే. "నువ్వుంటే మాకీ తలనొప్పి ఉండేది కాదయ్యా తిరుపతిరావ్" అని చెయ్యి పట్టుకున్నాడు. తిరుపతిరావు తెర గురించి, బాల్కనీ గురించి, ఆపరేటరు గురించి పూసగుచ్చినట్టు చెప్పాడు. ఆ మాటల వరసలోనే వెంకటప్పయ్య అడిగాడు, "ఇంతకీ ఇది మీ ఇంటికెలా వచ్చింది?"

"ఇక్కడే, మా భవానీపురంలోనే. నవాబ్ అని వీడియో షాపు. మా ఆవిడ అక్కడే తెస్తుంది."

వంటింటి గుమ్మంలో కనకలక్ష్మి కాఫీ గ్లాసుల పళ్ళెంతో ఆగిపోయింది. వాళ్ళు కాఫీ తాగలేదు, లేచారు. ఆవిడ పళ్ళెం కింద పెట్టి, పెరటి దారిన పడి చెప్పులు కూడా లేకుండా పరిగెత్తింది. అప్పటికే పోలీసు జీపు కొట్టు ముందుంది. వెంకటప్పయ్య వాళ్ళు దాన్ని ముందే వీధి మొగలో నిలబెట్టుకుని వచ్చారట. కానిస్టేబుళ్ళు దొంగవీ దొరవీ తేడా లేకుండా అరలన్నీ గోతాల్లోకి దులుపుతున్నారు. నవాబ్ జీపులో కూర్చుని ఉన్నాడు. ఆవిడని చూశాడు.

నుస్రత్ గుమ్మంలో చంటిదానితో నిలబడి ఉంది. "ఒట్టేశావు కదక్కా" అంది.

ఆ సాయంత్రం తిరుపతిరావు టీవీ పెట్టమనకుండానే అన్నం అడిగాడు. మారు పెట్టించుకున్నాడు. వెంకటప్పయ్య చెయ్యి ఎలా పట్టుకున్నాడో మళ్ళీ మళ్ళీ చెప్పాడు. కనకలక్ష్మి ముద్ద కలుపుతూ ఉండగా చెయ్యి ఆగిపోయింది. ఇన్నాళ్ళూ ఈ మనిషి ఇలా తింటే చాలనుకుంది.

"మీకో మాట చెప్పాలి" అంది. అన్నీ చెప్పింది. చాప మీద కూర్చుని పరిగెత్తించి చూసిన బొమ్మలు, ఏ సీను ఎందుకు వద్దనుకున్నదీ, నుస్రత్ చంటిదాన్ని ఏడిపించుకుని మరీ రిమోట్ పట్టుకు కూర్చోవడం, కొత్త క్యాసెట్ ఏదొచ్చినా ఊళ్ళో ఎవరికీ ఇవ్వకుండా నవాబ్ ముందు తనకోసం పక్కన పెట్టడం. "ఈ ఏడాదిన్నరగా మీరు తిన్న ప్రతి ముద్దా ఆ ఇంట్లో ఏరిందే."

"దొంగ క్యాసెట్ దొంగ క్యాసెట్టే" అన్నాడు తిరుపతిరావు. కానీ ఆ తర్వాత ముద్ద ముట్టలేదు. పొద్దున ఆవిడ ఒళ్ళు తుడుస్తుంటే అన్నాడు, "నన్ను స్టేషనుకి తీసుకెళ్ళు."

ఇశ్రాయేలు అని, వీధిలో ట్రాలీ రిక్షా తొక్కే అతను, పక్కింటివాళ్ళ సాయంతో పరుపుతో సహా ఆయన్ని బండి మీదికి ఎక్కించాడు. కనకలక్ష్మి గొడుగు పట్టుకుని పక్కన నడిచింది. రోడ్డు గతుకులకి ఆయన తల అటూ ఇటూ ఊగింది. జనం ఆగి చూశారు.

స్టేషను ఆవరణలోకి ఎస్సై వచ్చి చూసి, "ఇది ఆసుపత్రి కాదమ్మా" అన్నాడు.

తిరుపతిరావు తల ఎత్తడానికి ప్రయత్నించాడు. "అయ్యా, ఆ క్యాసెట్ నాది. హాల్లో మనుషులు తెలుసు నాకు, నేనే తెప్పించుకున్నాను. నవాబ్ పేరు అబద్ధం చెప్పాను."

"అతని కొట్టులో ఇంకా దొరికాయి కదయ్యా. అయినా కేసు పెట్టింది నువ్వు కాదు, మీ కంపెనీ. వాళ్ళని రమ్మను."

కబురు వెళ్ళింది. మిట్టమధ్యాహ్నం దాకా ఆ ఎండలో కాచుకున్నారు. వెంకటప్పయ్య స్కూటరు దిగి, బండినీ పరుపునీ చూసి మొహం చిట్లించాడు. "మతి పోయిందా నీకు? నిన్ననేగా నిన్ను మెచ్చుకున్నాం. ఇవాళ మా కేసే చెడగొడతావా? ఇంటికి పో." తిరుపతిరావు ఇంకేదో చెప్పబోతుండగానే స్కూటరు వెళ్ళిపోయింది. ఆ ఆఫీసు నుంచి మళ్ళీ ఎవరూ రాలేదు.

అప్పుడే నవాబ్‌ని కోర్టుకి తీసుకెళ్ళడానికి బయటికి తెచ్చారు. తిరుపతిరావు బండి మీంచి రెండు చేతులూ ఎత్తి జోడించాడు. నవాబ్ ఆగాడు. కానిస్టేబులు భుజం పట్టి లాగుతున్నా ఒక్క క్షణం ఆగాడు.

"ఇంత ఎండలో ఆయన్ని ఎందుకు తెచ్చావమ్మా?" అన్నాడు.

ఆ ఎండకీ ఆ గతుకులకీ నడుం కింద పుండు లేచింది. జ్వరం పట్టుకుంది. మళ్ళీ ఆసుపత్రి, అదే పొడుగాటి వార్డు. అక్కడ టీవీ లేదు. తిరుపతిరావు ఇప్పుడు ఏది పెడితే అది తినేవాడు. "పెట్టు, తింటాను" అని తనే నోరు తెరిచేవాడు. ఒక్క మెతుకు వదిలేవాడు కాదు. అయితే తిన్నది ఒంటికి పట్టడం మానేసింది. కనకలక్ష్మి ఆ తెరిచిన నోట్లో ముద్ద పెట్టలేక మొహం తిప్పుకునేది. ఆయన ఆ చలికాలం దాటలేదు.

నవాబ్ బెయిలు మీద వచ్చాడు గానీ కేసు ఏళ్ళ తరబడి సాగింది. కొట్టు పోయింది. గోతాల్లో వెళ్ళిన క్యాసెట్లు తిరిగి రాలేదు. సంసారం ఎత్తుకుని గన్నవరంలో నుస్రత్ అన్నగారి దగ్గరికి వెళ్ళి, ఫ్యాన్లూ మిక్సీలూ బాగుచేసే పని పెట్టుకున్నాడు. కనకలక్ష్మి భవానీపురంలోనే ఉండి జాకెట్లు కుట్టుకుంటూ బతికింది. కొన్నాళ్ళకి సీడీలు వచ్చాయి. కొత్త సినిమా విడుదలైన మర్నాడే పేవ్‌మెంటు మీద కుప్పలు పోసి అమ్మేవాళ్ళు. పోలీసులు వాటిని దాటుకుంటూ నడిచి వెళ్ళేవాళ్ళు. ఆవిడ అటు చూసేది కాదు.

ఎన్నో ఏళ్ళు ధైర్యం చాలక, చివరికి రెండు వేల నాలుగులో ఒకనాడు గన్నవరం బస్సెక్కింది. నుస్రత్ గుర్తుపట్టింది. లోపలికి రమ్మని, చాప వేసి, మంచినీళ్ళిచ్చింది. నవాబ్ పనికి వెళ్ళాడు. చంటిది ఇప్పుడు బడికి వెళ్ళే పిల్ల.

"అన్న పోయారని విన్నాం" అంది నుస్రత్. "మా ఆయన రావాలన్నారు. నేనే పోనివ్వలేదు."

కనకలక్ష్మి తల ఊపింది. "ఒట్టు తప్పాను నుస్రత్. నీ కాళ్ళకి దణ్ణం పెట్టినా తప్పులేదు."

"ఒట్టు గురించి కాదక్కా నా కోపం. కోర్టులో అంతా విన్నాం, అన్న ముచ్చటపడ్డారు, నువ్వు ఫోన్ చేశావు. మొగుడి కోసం నేనైనా చేసేదాన్నేమో. కానీ ఫోన్ చేశాక వాళ్ళు వచ్చింది మర్నాడు. మధ్యలో ఒక పూటంతా ఉంది. ఒక్క మాట వచ్చి చెప్తే ఆ నాలుగు క్యాసెట్లూ కాలవలో పడేసేవాళ్ళం. మన రెండిళ్ళకీ మధ్య ఒక్క వీధే కదా. ఎందుకు రాలేదక్కా?"

ఎందుకు రాలేదో కనకలక్ష్మికి తెలుసు. ఆ సాయంత్రమంతా ఆయన మాట్లాడుతూనే ఉన్నాడు. పామర్రు, గుడివాడ, హాళ్ళ కథలు, ఆపరేటర్ల కథలు. మంచం పట్టె మీద కూర్చుని వింటూ, ఇక్కణ్ణించి లేస్తే ఈ గొంతు ఆగిపోతుందేమోనని భయపడి లేవలేదు. నవాబ్ గుర్తుకు రాకపోలేదు. గుర్తొచ్చిన ప్రతిసారీ ఇంకాసేపు విందామనుకుంది.

ఆ మాట నుస్రత్‌తో చెప్పడానికి నోరు రాలేదు. "రాలేకపోయాను" అంది.

నుస్రత్ ఆవిడ వంక చూసి, ఖాళీ గ్లాసు తీసుకుని లేచింది. ఇంకొన్ని నీళ్ళు కావాలా అని అడిగింది. వద్దంది కనకలక్ష్మి. గుమ్మం దాకా వచ్చి సాగనంపింది గానీ, మళ్ళీ రమ్మని అనలేదు. కనకలక్ష్మి చెప్పులేసుకుని బస్టాండు వైపు నడిచింది.